సహాయము చేయువారు ఒకరితోనొకరు మాటలాడవలెను

ధ్యానభాగము: 2 రాజులు 2:19–22
కూడ చదువవలసినవి: మార్కు 10:46–52, యోహాను 9:1–7, 1 కొరింథీయులు 12:14–26



ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతముల మెట్ట గ్రామములలో ఆరాధనకు కూడివచ్చువారిని ఒకసారి నిదానముగా చూడుడి. కొందరు పెద్దలు మెడ త్రిప్పలేరు; ప్రక్కవానిని పలుకరింపవలెనన్న దేహమంతయు త్రిప్పుదురు. కొందరు ప్రార్థనకు మోకరింపలేక గోడ నానుకొని నిలుచుందురు. పిల్లలు నవ్వినప్పుడు పండ్లమీద సుద్దవంటి మచ్చలు, గోధుమరంగు చారలు కనబడును. కొందరు పెద్దపిల్లలు నోటికి చెయ్యి అడ్డము పెట్టుకొని నవ్వుదురు.

ఇది వయస్సుతో వచ్చు నొప్పియని కొందరందురు, కీళ్లవాతమని కొందరందురు, ఏదో శాపమని మరికొందరు గుసగుసలాడుదురు. నేలలోని నీటియందు ఫ్లోరైడు అను పదార్థము మితిమించియున్నచోట, ఆ నీరు అనేక సంవత్సరములు త్రాగినవారికి ఇట్టి బాధలు కలుగును. దీనికి ఫ్లోరోసిస్ అని పేరు.

అయితే ఈ నెల పాఠము వ్యాధిని గూర్చి మాత్రమే కాదు. ఈ వ్యాధిచేతనైనను, మరి ఏ కారణముచేతనైనను అంగవైకల్యము గలవారికి సహాయము చేయుటకు నేడు అనేకులు నియమింపబడియున్నారు. వైద్యుడున్నాడు, ఉపాధ్యాయుడున్నాడు, నీటి ఇంజనీరున్నాడు, వ్యాయామ చికిత్స చేయువాడున్నాడు, ఆశా కార్యకర్త యున్నది, పింఛను వ్రాయు ఉద్యోగి యున్నాడు. ఇందరుండియు బాధ తీరకపోవుట యేల? అనేకమారులు కారణమేమనగా, వీరు ఒకరితోనొకరు మాటలాడరు, బాధపడువానితోను మాటలాడరు. ఈ సంగతినే మనము కలిసి ధ్యానింతము.

1. యెరికో ఊరివారు

యెరికో పట్టణస్థులు ఎలీషా యొద్దకు వచ్చి తమ ఊరి సంగతి విన్నవించిరి. ఊరు చూచుటకు రమ్యముగానున్నదని ఒప్పుకొనిరి. గాని నీరు చెడినదనియు, అందువలన నేల ఫలింపక పోవుచున్నదనియు చెప్పిరి. ఇందులో మూడు సంగతులను గమనింపుడి.

మొదటిది: మాట మొదలుపెట్టినది ప్రవక్త కాదు, ఆ నీరు త్రాగుచున్నవారే. వారు పండితులని వాక్యము చెప్పదు. అయినను నీటికిని నేలకును గల సంబంధమును కనిపెట్టినవారు వారే.

రెండవది: ప్రవక్త వారి మాట విని, క్రొత్త పాత్రను, ఉప్పును తెమ్మని వారినే అడిగెను. వారిని దూరముగా నిలువుమనలేదు. వారి చేతులకు కూడ పని దొరికెను.

మూడవది: అతడు ఇంటింటి కుండయొద్దకు పోలేదు, నీరు పుట్టు ఊటయొద్దకు వెళ్లెను. బాధ యింటిలో కనబడినను, దాని మొదలు మరియొక చోట నుండవచ్చును.

బాగుచేసినవాడు దేవుడే. అది దేవుని సూచకక్రియ గనుక, మన బోరులో ఉప్పు వేసినయెడల ఫ్లోరైడు పోవునని ఎవరును తలంపరాదు. పోదు. నీటిని కాచినను పోదు; కాచినకొలది నీరు తగ్గి ఫ్లోరైడు చిక్కనగును. మనము నేర్చుకొనవలసినది ఉప్పును గూర్చి కాదు. విన్నవించుట, వినుట, కూడి ఊటయొద్దకు వెళ్లుట అను ఈ క్రమమును గూర్చియే.

2. తల్లిదండ్రుల మాట, దంతవైద్యుని మాట, రసాయనికుని మాట

ఈ క్రమము ఒక దూరదేశములో ఎట్లు నెరవేరెనో చూడుడి. 1901లో అమెరికా దేశమందలి కొలరాడో స్ప్రింగ్స్ అను ఊరిలో ఫ్రెడరిక్ మెక్‌కే అను దంతవైద్యుడు పని ప్రారంభించెను. అక్కడ పుట్టి పెరిగిన అనేకుల పండ్లమీద గోధుమరంగు మరకలుండెను. కారణమేమో ఎవరికిని తెలియలేదు. అతడు సంవత్సరముల తరబడి పండ్లను పరీక్షించుచు వచ్చెను.

1923లో అతడు ఐడహో రాష్ట్రములోని ఓక్లీ అను చిన్న ఊరికి వెళ్లెను. అక్కడి తల్లిదండ్రులు తమ పిల్లల పండ్లను చూపి ఒక మాట చెప్పిరి: అయిదు మైళ్ల దూరమందున్న వెచ్చని ఊటనుండి ఊరికి గొట్టము వేసిన కొంతకాలమునకే ఈ మరకలు కనబడసాగెను. మెక్‌కే ఆ నీటిని పరీక్షింపజేసెను గాని అనుమానింపదగినదేదియు కనబడలేదు. అయినను తల్లిదండ్రుల మాటను అతడు త్రోసివేయలేదు. ఆ గొట్టమును విడిచి మరియొక ఊట నీటిని వాడుకొనుడని ఊరిపెద్దలకు సలహా యిచ్చెను. వారట్లు చేసిరి. కొన్ని సంవత్సరములకు చిన్నపిల్లలకు మరకలేని పండ్లు వచ్చెను.

అయినను నీటిలో నున్నదేదో ఇంకను తెలియలేదు. 1931లో చర్చిల్ అను రసాయనికుడు, అల్యూమినియం కంపెనీలో పనిచేయువాడు, ఆర్కాన్సా రాష్ట్రములోని బాక్సైట్ అను ఊరి నీటిని సూక్ష్మమైన సాధనముతో పరీక్షించి, దానిలో ఫ్లోరైడు మిక్కుటముగా నున్నదని కనుగొనెను. అతడు మెక్‌కేకు ఉత్తరము వ్రాసి, మరకలున్న ఇతర ఊళ్ల నీటిని పంపుమని అడిగెను. ఆ నీళ్లలోను ఫ్లోరైడే కనబడెను. ముప్పది యేండ్ల చిక్కు ఆ విధముగా వీడెను.

ప్రియులారా, తల్లిదండ్రులకు ఫ్లోరైడు పేరు తెలియదు. గాని మరకలు ఎప్పుడు మొదలైనవో తెలియును. దంతవైద్యునికి పండ్లు తెలియును. గాని నీటిలోని సూక్ష్మాంశమును చూచు సాధనము లేదు. రసాయనికునికి సాధనమున్నది, గాని ఆ పిల్లల నోళ్లను చూచినవాడు కాడు. ఏ ఒక్కరి యొద్దను పూర్తి జ్ఞానము లేదు. ముగ్గురి మాటయు ఒకచోట చేరిన దినముననే వెలుగు కలిగెను.

3. మన జిల్లా చరిత్ర

ఇక మన యింటి సంగతికి వత్తము. త్రాగునీటిలోని ఫ్లోరైడు మనుష్యుల ఎముకలను చెరుపుచున్నదని మన దేశములో మొదట ప్రకటింపబడినది నెల్లూరు జిల్లానుండియే. అది 1937వ సంవత్సరము. అప్పటి నెల్లూరు జిల్లా మిక్కిలి పెద్దది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడువరకు దర్శి, పొదిలి, కనిగిరి తాలూకాలును అందులోనివే. ఆ సంవత్సరము ఇండియన్ మెడికల్ గెజెట్ అను పత్రికలో నెల్లూరు జిల్లా ఫ్లోరోసిస్‌ను గూర్చి వ్యాసము వ్రాసినవారు ముగ్గురు: షార్ట్, పండిట్, రాఘవాచారి.

షార్ట్ గారు వైద్యులు. సూక్ష్మమైన పరాన్నజీవులను వెదకుటలో ప్రసిద్ధులు. తరువాత 1948లో, మలేరియా క్రిమి మనుష్యుని కాలేయములో దాగియుండు దశను కనుగొన్నవారిలో ఆయన ఒకరు. రాఘవాచారిగారు నీటి పరీక్షలో ప్రవీణులు. ఈ వ్యాధికి క్రిమి కారణము కాదు. కారణము రాతినుండి నీటిలోనికి, నీటినుండి ఎముకలోనికి వచ్చినది. కావున రోగిని చూచు వైద్యుని పేరు ప్రక్కనే నీటిని చూచువాని పేరును ఉండుట ఎంతో తగియున్నది.

రాతి విషయము ఎరిగినవారు మరియొక సంగతి చెప్పుదురు. నెల్లూరు జిల్లాలో అభ్రకము దొరకునని మనకందరికిని తెలియును. అభ్రకము వంటి కొన్ని ఖనిజములలో ఫ్లోరైడు ఇమిడియుండును. నీటిలో క్షారగుణము హెచ్చుగాను, సున్నపుపాలు తక్కువగాను ఉన్నచోట ఈ ఫ్లోరైడు సులభముగా నీటిలో కరగును. అందువలననే ఒకే గ్రామములో ఒక బోరు నీరు మంచిదిగాను, దాని ప్రక్క బోరు నీరు చెడ్డదిగాను ఉండవచ్చును. రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. పరీక్ష చేయించుట తప్ప తెలిసికొను మార్గము లేదు.

తెలుగునాట మరియొక ఉదాహరణ నల్లగొండ. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి గారలు, నల్లగొండ ప్రాంతపు యౌవనస్థులలో మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి రాసుకొనుటను గూర్చి వ్రాసిరి. వారు నీటిని మాత్రమే చూచి ఊరకుండలేదు. ఆ కుటుంబములు ఏమి తినుచున్నవో అడిగిరి. జొన్న ముఖ్యాహారముగా నున్న పేదలలో ఇది కనబడెను. జొన్న చెడ్డదని దీని భావము కాదు. ఒకే నీరు త్రాగినను, పాలు, ఆకుకూరలు, పండ్లు దొరకని బీదయింటి దేహము ఎక్కువగా దెబ్బతినునని తెలియవలెను. వైద్యుడు నీటిని అడుగవలెను. ఇంజనీరు అన్నమును గూర్చియు వినవలెను.

నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థవారు 1970లలో పటిక, సున్నము, బ్లీచింగు పొడి కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించు పద్ధతిని సిద్ధపరచిరి. దానికి నల్లగొండ పద్ధతి అని పేరు. ఎంత పటిక, ఎంత సున్నము అనునది ఆ నీటి గుణమును బట్టి యుండును గనుక, అంచనాతో చేయరాదు. ఇక్కడను రసాయనికుడు లెక్క కట్టవలెను, ఇంజనీరు తొట్టి కట్టవలెను, ఊరిలో ఒకరు ప్రతిదినము శ్రద్ధగా కలుపవలెను. వీరిలో ఒకరు విడిచిపెట్టినను తొట్టి మూలపడును.

2008–09లో కేంద్ర ప్రభుత్వము ఫ్లోరోసిస్ నివారణకు జాతీయ కార్యక్రమము ప్రారంభించినప్పుడు, మొదట తీసికొన్న కొద్ది జిల్లాలలో నెల్లూరు ఒకటి. కావున మనకు విద్య లేదనియు, విధానము లేదనియు చెప్పుటకు వీలులేదు. ఇక కొరత యెక్కడ?

4. ఒకే కాలు, అయిదు పేర్లు

పడమటి మెట్టలోని ఒక గ్రామములో పండ్రెండేండ్ల బాలిక యున్నదని ఊహించుకొందము. ఆమె కాళ్లు మోకాళ్లయొద్ద వంగుచున్నవి.

ఆమె అవ్వ, ‘పిల్లకు వంకరకాళ్లు వచ్చినవమ్మా’ అనును. ఆసుపత్రిలో వైద్యుడు ఇంగ్లీషులో ఒక పేరు చీటిమీద వ్రాయును. ఇంజనీరు ఆ కాలిని చూడడు. అతని పుస్తకములో ‘పి.పి.ఎం.’ అను అంకె యుండును. బడిలో ఆమె ‘ప్రత్యేక అవసరములు గల బిడ్డ’. సదరము శిబిరములో ఆమె ‘నూటికి ఇంత శాతము’. ఒకే కాలికి అయిదు పేర్లు! ఈ అయిదు పేర్లును ఒకే బిడ్డవని ఎరిగినది ఆ అవ్వ మాత్రమే. ఆమెను ఎవరును అడుగరు.

వీరిలో ఎవరును చెడ్డవారు కారు. వైద్యుడు నొప్పి తగ్గుటకు మాత్రలిచ్చి, పాలు త్రాగుమని చెప్పెను. ఏ బోరు నీరు త్రాగుచున్నావని అడుగలేదు. ఇంజనీరు తలకు దినమునకు 55 లీటర్ల లెక్కన నీరు అందజేసితినని వ్రాసికొనెను; ఆ నీటితో వండిన అన్నము తిను బిడ్డ కాళ్లను అతడు చూడలేదు. భవిత కేంద్రములో వ్యాయామము నేర్పువాడు మోకాళ్లపై బరువు వేయవద్దనెను. ఆ బిడ్డ ఉదయము రెండు, సాయంకాలము రెండు బిందెల నీరు మోయుచున్నదని అతనికి తెలియదు. ఉపాధ్యాయుడు ఆలస్యముగా వచ్చుచున్నదని గద్దించెను. బడికి వచ్చు దారిలో రెండుసార్లు కూర్చుండి లేచునని అతనికి తెలియదు. పింఛను ఉద్యోగి 40 శాతము లేదని కాగితము త్రిప్పి పంపెను. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టములో 21 విధముల వైకల్యములున్నవనియు, ఫ్లోరోసిస్ అను పేరు అందులో లేకున్నను కదలికకు సంబంధించిన వైకల్యముగా దానిని పరీక్షింపవచ్చుననియు ఆ తల్లికి ఎవరును చెప్పలేదు.

అందరును తమ తమ పని చేసిరి. అయినను బిడ్డ అదే బోరు నీరు త్రాగుచున్నది. పాత బావి ఎండిపోయి బోరు నీరు త్రాగసాగినప్పుడు ఆ బిడ్డకు మూడేండ్లని అవ్వకు జ్ఞాపకమున్నది. ఓక్లీ తల్లిదండ్రులు చెప్పిన మాట వంటిదే ఇది. గాని వినుటకు ఒక మెక్‌కే లేడు.

కంటికి చెయ్యి అక్కరలేదని కన్ను చెప్పజాలదని అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘమునకు బోధించెను. మనము దీనిని సంఘములోని వరములకే అన్వయించుకొని ఊరకుందుము. ఆసుపత్రి కన్నైతే, పంచాయతి చెయ్యి. బడి చెవియైతే, ఇల్లు పాదము. శరీరములో బలహీనముగా కనబడు అవయవములే మరి అవసరమైనవని కూడ ఆ భాగము బోధించును. ఇక్కడ బలహీనముగా కనబడునది ఆ అవ్వ జ్ఞాపకమే.

5. నిందించు మాట సంభాషణను చంపును

పుట్టుగ్రుడ్డివానిని చూచి శిష్యులు, పాపము చేసినవాడు వీడా, వీని కన్నవారా అని యేసును అడిగిరి. ప్రభువు ఆ రెండు నిందలను త్రోసివేసి, అతని కన్నులు తెరచు పనికి పూనుకొనెను.

మన గ్రామములలో ఈ ప్రశ్న ఇంకను చావలేదు. గ్రహణము నాడు తల్లి కదలినదని, అత్తింటివారికి శాపమున్నదని, మేనరికమని, పూర్వకర్మమని అందురు. మచ్చలున్న పండ్లు చూచి పెండ్లి సంబంధము వదలుకొనుటయు కలదు. చదువుకొన్నవారిలోను నింద యున్నది; దాని వేషము వేరు. ‘ఈ జనులు చెప్పినమాట వినరు’ అని వైద్యశాలలో అందురు. ‘ఆసుపత్రివారు పట్టించుకొనరు’ అని పంచాయతిలో అందురు. ‘తల్లిదండ్రులకు శ్రద్ధ లేదు’ అని బడిలో అందురు. నింద పలికినచోట ఎదుటివాడు నోరు మూసికొనును; నోరు మూసికొన్నవాని యొద్దనున్న సత్యము బయటికి రాదు.

కావున తెలిసికొనుడి: పండు చిగురులో రూపొందు బాల్యములో, అనగా దాదాపు ఎనిమిదేండ్లలోపు, ఫ్లోరైడు హెచ్చుగా త్రాగినందువలననే శాశ్వతపు పండ్లమీద మచ్చలు పడును. తోమకపోవుటవలన కాదు. పెద్దవారి మెడ, నడుము బిగిసిపోవుట అనేక సంవత్సరముల నీటి ఫలము. సోమరితనము కాదు. ఈ వ్యాధి అంటువ్యాధి కాదు.

6. అందరికి చాలిన నాలుగు ప్రశ్నలు

వివిధ విద్యలవారు కూడి మాటలాడుటకు అందరికిని తెలిసిన ఒక భాష కావలెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో వైకల్యమును గూర్చి ఒక క్రొత్త వర్గీకరణను అంగీకరించెను. దాని సారమేమనగా, వైకల్యము దేహములో మాత్రమే లేదు. దేహమునకును చుట్టునున్న లోకమునకును మధ్య నున్నది. దానిని మనము నాలుగు తెలుగు ప్రశ్నలుగా చెప్పుకొనవచ్చును.

ఒకటి: దేహములో ఏమి జరిగినది? దీనికి వైద్యుడు జవాబు చెప్పును. మోకాళ్లు వంగినవి, ఎముకల ఛాయాచిత్రము తీయవలెను.

రెండు: ఏ పనులు చేయగలదు, ఏవి చేయలేదు? దీనికి తల్లియు, వ్యాయామ చికిత్సకుడును చెప్పుదురు. అర మైలు నడువగలదు. క్రింద కూర్చుండి లేవలేదు.

మూడు: దేనిలో పాలుపొందలేకపోవుచున్నది? దీనికి ఆ బిడ్డయు, ఉపాధ్యాయుడును చెప్పుదురు. ఆటలలో చేరదు, బడి మరుగుదొడ్డిలో కూర్చుండలేక దినమంతయు నీరు త్రాగక యుండును.

నాలుగు: చుట్టునున్నవాటిలో ఏది అడ్డము, ఏది సహాయము? దీనికి ఇంజనీరు, పంచాయతి, పొరుగువారు, సంఘము అందరును జవాబుదారులు. బోరు నీరు అడ్డము, మెట్లు అడ్డము, వెక్కిరింపు అడ్డము. మంచి నీటి బోరు, ఎత్తైన పీట, పట్టుకొను కమ్మి, తోడుగా నడుచు స్నేహితురాలు సహాయము.

ఈ నాలుగు ప్రశ్నలను ఒకే చోట అడిగినప్పుడు, ఒక్కొక్కరి జవాబు మరియొకరికి పని చూపును. బడిలో నీరు త్రాగదని ఉపాధ్యాయుడు చెప్పగా వైద్యుడు వినును. బిందెలు మోయుచున్నదని తల్లి చెప్పగా చికిత్సకుడు వినును. బిడ్డ ఎముకల సంగతి వైద్యుడు చెప్పగా ఇంజనీరు తన అంకెకు కాళ్లున్నవని గ్రహించును.

7. కూడి మాటలాడు విధము

అట్టి కూడికకు కొన్ని నియమములు అవసరము.

మొదట, బాధపడువారే మొదట మాటలాడవలెను. బర్తిమయి గ్రుడ్డివాడని ఊరంతటికి తెలియును. అయినను ప్రభువు అతనికి ఏమి కావలెనో అతనినే అడిగెను. మనకు కనబడు అవసరము ఒకటి, వారి మనస్సులోని అవసరము మరియొకటి కావచ్చును. ఇంజనీరు శుద్ధియంత్రమును గూర్చి తలంచును. ఆ బాలిక మాత్రము వెనుక బల్లమీద ఒంటరిగా కూర్చుండబెట్టవద్దని కోరవచ్చును. రెండును వినవలెను.

రెండవది, తెలుగులో మాటలాడవలెను. ‘పి.పి.ఎం. 3’ అన్నచో ఎవరికి తెలియును? లీటరు నీటిలో 3 మిల్లీగ్రాములని చెప్పవలెను. మన దేశపు ప్రమాణము 1 మిల్లీగ్రాము. వేరే నీరు దొరకని చోట 1.5 వరకు ఓర్వవచ్చును. ఇట్లు చెప్పినయెడల అవ్వకు కూడ, తమ బోరు నీరు ఎంత మితిమీరినదో తెలియును. వైద్యుడు తాను వ్రాసిన పేరునకు అర్థము చెప్పవలెను. అర్థము కానప్పుడు అడుగుట అవమానము కాదు.

మూడవది, ఒకే పుస్తకముండవలెను. ఒక సాధారణమైన నోటుపుస్తకము కుటుంబమువారి యొద్దనే యుండవలెను. ఎవరి యొద్దకు వెళ్లినను దానిని చూపవలెను. వారు చెప్పినది, ఇచ్చినది, తేదీతో రెండు పంక్తులు తెలుగులో వ్రాయింపవలెను. నీటి పరీక్ష ఫలితమును అందులోనే అంటింపవలెను. అది ఆ కుటుంబపు సొత్తు; వారి సెలవు లేక ఎవరును చదువరాదు, సభలో ప్రకటింపరాదు.

నాలుగవది, ‘ఇది నా పని కాదు’ అని ఊరకుండక, ‘ఇది ఫలానివారి పని, నేను వారికి చెప్పెదను’ అనవలెను. కూడిక ముగియకమునుపు ఎవరు, ఏమి, ఎప్పటిలోగా చేయుదురో వ్రాయవలెను.

అయిదవది, అభిప్రాయభేదము వచ్చినప్పుడు కాలమును బట్టి విభజింపవలెను. శాశ్వతముగా పెన్న నీరు, సోమశిల జలాశయపు నీరు వంటి పైనీటిని తేవలెనని ఒకరందురు. పైనీటిలో సాధారణముగా ఫ్లోరైడు తక్కువ గనుక అది మంచి మాట. గాని అది వచ్చువరకు బిడ్డ ఏమి త్రాగవలెను? గ్రామీణ నీటి సరఫరావారి పరీక్షలో మంచిదని తేలిన బోరు నీటిని త్రాగుటకును, వంటకును నేడే కేటాయింపవచ్చును. తక్కిన నీరు స్నానమునకు, ఉతుకుటకు చాలును. శుభ్రమైన కప్పునుండి పట్టిన వాననీటిలో ఫ్లోరైడు ఇంచుమించు ఉండదు. పాలు, మజ్జిగ, మునగాకు, ఉసిరికాయ, జామపండు నేడే పెట్టవచ్చును. రేపటి పథకము కొరకు నేటి గ్లాసును మరువరాదు. నేటి గ్లాసుతో తృప్తిపడి రేపటి పథకమును విడువరాదు.

ఒక హెచ్చరిక: కాళ్లు మొద్దుబారినను, నడక తడబడినను, మూత్రము పట్టు తప్పినను కూడిక కొరకు కనిపెట్టవద్దు. వెన్నుపాము నొక్కుకొనుచుండవచ్చును, వెంటనే పెద్ద ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

8. సంఘము చేయదగినది

సంఘము వైద్యశాల కాదు, నీటి కార్యాలయము కాదు. అయినను అందరిని ఒకచోట కూర్చుండబెట్టుటకు సంఘమునకు స్థలమున్నది, చాపలున్నవి, ఇంటింటికి వెళ్లు పరిచయమున్నది. నెలకొకసారి పగటిపూట మందిరపు వరండాలోనో, బడిలోనో ఇట్టి కూడిక జరుపవచ్చును. అది మన మతమువారి కొరకు మాత్రమే కాకూడదు. నీరు ఏ మతమని అడుగదు. పెద్దలు అధ్యక్షపీఠము కొరకు పోటీపడక, మెట్లు ఎక్కలేనివారికి క్రిందనే పీట వేయవలెను.

ఉదయగిరిలో చెక్కగరిటెలు, చెంచాలు చెక్కు పనివారున్నారు. చేతివ్రేళ్లు బిగిసిన ముసలివానికి లావుపాటి పిడిగల చెంచా చెక్కియిచ్చినయెడల, ఆ వడ్రంగియు సహాయకుల కూడికలో ఒకడగును. నేర్పు పట్టాపుచ్చుకొన్నవారి యొద్దనే యుండదు.

ప్రార్థన చేయుదము, ప్రార్థించి నీటి పరీక్షకు సీసా పట్టుకొని పోవుదము. ఈ రెండింటికి వైరము లేదు. యెరికో ఊరివారు తమ బాధను దైవజనునికి చెప్పుకొనిరి, పాత్రయు తెచ్చియిచ్చిరి. వంగిన ఎముకను మందుబిళ్ల తిన్నన చేయజాలకపోవచ్చును. పెద్దల మెడ మరల తిరుగకపోవచ్చును. గాని ఇప్పుడు ఉయ్యాలలోనున్న బిడ్డ పండ్లు, కాళ్లు ఇంకను చెడలేదు. ఆ బిడ్డ ఏ నీరు త్రాగవలెనో నిర్ణయించు మాట ఈ సంవత్సరమే జరుగవలెను.

కూడికలో ఆలోచించుటకు ప్రశ్నలు

1. యెరికో ఊరివారి మాటను ఎలీషా వినకయే ఏదైన చేసియుండినయెడల ఏమి తక్కువయ్యెడిది?
2. మన గ్రామములో త్రాగు నీరు ఎన్ని బోరులనుండి వచ్చుచున్నది? వాటిలో ఎన్నింటిని పరీక్షించిరి? ఫలితము ఎక్కడ వ్రాయబడియున్నది?
3. మన సంఘములో మెడ, నడుము, కాళ్లు బిగిసినవారెవరు? వారికి ఏమి కావలెనో వారినే అడిగితిమా?
4. ‘పాపము చేసినదెవరు’ అను ప్రశ్నను మనము ఏ యే మాటలలో అడుగుచున్నాము?
5. వచ్చు నెల కూడికకు ఆశా కార్యకర్తను, ఉపాధ్యాయుని, నీటి ఇంజనీరును, ఒక కుటుంబమును పిలుచుటకు ఎవరు బాధ్యత వహింతురు? వారి పేరు, తేదీ ఇప్పుడే వ్రాసికొనుడి.